అన్న కట్టిన యాంకర్‌ మీద వేలాడాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, మేం తిరుపతిలో చదువుకునే ఐదుగురం. బెంగళూరులో క్లైంబింగ్ గోడ మీద మూడు నాలుగు సార్లు ఎక్కాక అందరికీ పిచ్చి పట్టుకుంది. ఆదివారాలు చంద్రగిరి దాటాక ఒక గుట్ట దగ్గరికి వెళ్తున్నాం, 40 అడుగుల బండ ఉంది. మా అన్నయ్య స్నేహితుడు ఒకాయన (మేమూ అన్నా అనే పిలుస్తాం) వెనక దారిలో పైకెళ్లి యాంకర్, అంటే తాడుకి పైన ఆధారం, కడతాడు. ఒక గుండు చుట్టూ ఒక స్లింగ్ (గుండ్రంగా కలిపిన గట్టి పట్టీ), దానికి ఒక కారబినర్ (గేటు తెరుచుకునే లోహపు కొక్కెం), అంతే. పోయిన వారం కారబినర్ ఇంట్లో మరిచిపోయాడని తాడును నేరుగా స్లింగ్‌లోంచే దూర్చాడు. ఇది సరేనా అని అడిగితే "ఆరు నెలల్నుంచీ ఎక్కుతున్నాం, ఒక్కసారైనా ఏమైనా అయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఫోటోలు పంపుతున్నాను. నాకే టెన్షన్ ఎక్కువా? ఎక్కడం మానేయాలా?

జవాబు:

చెల్లీ, ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ యాంకర్ మీద ఇంకెవరూ ఎక్కొద్దు. ఎక్కడం మానమనడం లేదు, ఆ యాంకర్‌ను మానమంటున్నాను. నీ టెన్షన్ ఏమీ ఎక్కువ కాదు, అక్కడున్న వాళ్లలో తల పైకెత్తి చూసింది నువ్వొక్కదానివే అనిపిస్తోంది.

మీరు ఎక్కే పద్ధతిని టాప్ రోప్ అంటారు. అదంటే తెలియనివాళ్లూ ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. తాడు కింది నుంచి పైకి వెళ్లి, బండ పైన కట్టిన యాంకర్‌లోంచి తిరిగి కిందికి వస్తుంది. ఒక కొస ఎక్కేవాళ్ల నడుముకి బిగించే హార్నెస్‌కి, రెండో వైపు కింద నిలబడి బిలే ఇచ్చేవాళ్ల దగ్గర, అంటే జారితే ఆపేలా తాడు పట్టుకునేవాళ్ల దగ్గర. మన పెరటి బావి మీద గిలక ఎలాగో ఇదీ అంతే. అయితే గిలక మీద పడే బరువు బిందె బరువొక్కటే కాదు, బిందెతో పాటు తాడు లాగే మనిషి బలం కూడా. 60 కిలోల నువ్వు పైన వేలాడుతుంటే కింద పట్టుకున్నవాళ్లూ దాదాపు అంతే బలంతో ఆపుతారు కాబట్టి యాంకర్ మీద 120 కిలోల దాకా పడాలి, కారబినర్ దగ్గర రాపిడి కొంత తింటుంది కాబట్టి అసలు లెక్క 100 చిల్లర. తాడు కాస్త వదులుగా ఉన్నప్పుడు కాలు జారితే దానికి రెండు మూడింతలు అవుతుంది. అంతకు మించి టాప్ రోప్‌లో మామూలుగా పడదు.

ఇప్పుడు మీ అన్న మాట దగ్గరికి వద్దాం. ఆరు నెలలుగా ఏమీ కాలేదన్నాడే, అందులో అబద్ధం లేదు, చిక్కంతా అక్కడే ఉంది. కంపెనీ స్లింగ్ మీద 22 కిలోన్యూటన్లని రాసి ఉంటుంది, అంటే సుమారు 2200 కిలోలు. నీ బరువుకి, నీ బరువుకి ఐదింతలకి కూడా అది తెగదు. అందుకే చెత్త యాంకర్ కూడా నెలల తరబడి మంచి యాంకర్‌లాగే నిలబడుతుంది. యాంకర్లు బరువుకి పోవడం అరుదు. రాసుకుని పోతాయి, జారి పోతాయి, ముడి వదులై పోతాయి, కారబినర్ గేటు తెరుచుకుని పోతాయి. ఇవేవీ కింద నిలబడినవాళ్లకి కనబడవు. పైన ఏం జరుగుతోందో చూడకుండా, కింద ఎవరూ పడలేదు కాబట్టి పైన అంతా బాగుందనుకోవడం ఉందే, దాని మీదే మీరు ఆరు నెలలుగా ఎక్కుతున్నారు.

తాడును స్లింగ్‌లోంచి నేరుగా దూర్చడం వీటన్నింటిలోకి ఘోరం. కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే అబ్బాయిని చూశావా, కత్తెర దగ్గర లేకపోతే నైలాన్ దారాన్ని దారంతోనే పర్‌మని రెండుసార్లు రాసి తెంపేస్తాడు. వేడికి కరిగి తెగుతుంది అది. నిన్ను పై నుంచి దించేటప్పుడు 40 అడుగుల తాడు నీ బరువుతో స్లింగ్‌లో ఒకే చోట రాసుకుంటూ నడుస్తుంది. తాడు మీద రాపిడి ఒక్కో అడుగుకీ ఒక్కో చోట పడుతుంది కాబట్టి తాడుకేం కాదు, స్లింగ్ మాత్రం మొత్తం వేడిని ఆ ఒక్క చోటే తింటుంది. నైలాన్ కరగడానికి రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీలు కావాలి, సన్నగా జారుడుగా ఉండే డైనీమా అనే ఇంకో రకం దారంతో చేసిన స్లింగైతే 145 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. నీ ఫోటోలో ఉన్నది సన్నదే. పోయిన వారం ఎంతమంది దిగారో నాకు తెలియదు కానీ ఆ స్లింగ్‌ను వెంటనే కత్తిరించి పారేయండి. కత్తిరించకుండా పారేస్తే ఎవరో ఒకరు ఏరుకుని మళ్లీ వాడతారు, మనవాళ్ల సంగతి నాకు తెలుసు.

మొదటి ఫోటోను పెద్దది చేసి చూశాను. అందులో కారబినర్ ఉంది, అయితే బండ అంచు మీద పడుకుని ఉంది. దాని మీద ఒక బాణం గుర్తు పక్కన 22 అనో 24 అనో, అడ్డంగా ఇంకో గుర్తు పక్కన 7 అనో 8 అనో ముద్ర వేసి ఉంటుంది, ఈసారి చేతిలో పెట్టుకుని చూడు. నిలువునా లాగితే ఉండే బలంలో మూడో వంతే అడ్డంగా లాగితే ఉంటుంది, గేటు తెరిచి ఉన్నా అంతే. అంచు మీద వాలిన కారబినర్ మెడ విరిచినట్టు వంగుతుంది, పైగా నువ్వు ఎక్కుతుంటే తాడు కదిలినప్పుడల్లా దాని గేటు బండకి తగులుతుంటుంది. ఒక్కటే కారబినర్, అదీ లాకు లేనిది. బండ గేటును నొక్కడం, అదే క్షణంలో తాడు అటు జరగడం, రెండూ కలిస్తే చాలు. ఇలాంటిది వందసార్లలో ఒక్కసారి కూడా జరగకపోవచ్చు, మీరు ఐదుగురు రోజుకి నాలుగేసి సార్లు ఎక్కితే వంద సార్లు అయ్యేది ఐదు ఆదివారాలకే.

గుండు సంగతి కాస్త ఎక్కువ చెప్తాను, ఇది నా సొంత మచ్చ కాబట్టి. ఇరవై ఏళ్ల కిందట చిత్తూరు పక్కన ఒక గుట్ట మీద మేమూ ఇలాగే ఒక గుండుకి పట్టీ చుట్టి ఎక్కాం. కోడిగుడ్డు ఆకారంలో నున్నగా ఉంది, బీరువా కన్నా పెద్దది, నలుగురం తోసినా కదలలేదు, ఇంకేం కావాలి అనుకున్నాం. ముగ్గురు ఎక్కి దిగారు. నాలుగోది నేను. ఎక్కే ముందు నీళ్ల సీసా పైన మరిచిపోయానని వెనక దారిలో వెళ్లి చూస్తే, పట్టీ ముందువైపు కిందికి లాగుతున్న కొద్దీ వెనకవైపు పైకి పాకి, గుండు నెత్తి మీదికి జానెడు దూరంలో ఉంది. ఇంకొక్కరు దిగి ఉంటే ఊడి వచ్చేది. గుండు కదల్లేదు, పట్టీ తెగలేదు, ముడీ విప్పుకోలేదు. మేం చూసుకున్నవన్నీ బాగానే ఉన్నాయి, చూసుకోనిది ఇంకొకటుంది. ఆ సీసా అర లీటరుది, ఇంకా నా దగ్గరే ఉంది.

అందుకని గుండును నమ్మాలంటే అది పెద్దదైతే చాలదు. దాని కింద ఏముందో వంగి చూడాలి, బండ మీద గట్టిగా కూర్చుందా, మట్టి మీదా, చిన్న రాళ్ల మీదా. వానల తర్వాత, ముఖ్యంగా మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానల్లో, ఆ మట్టి కొట్టుకుపోతుంది, సెప్టెంబర్‌లో కదలనిది జనవరిలో కదలొచ్చు. పట్టీ కూర్చోవడానికి గుండుకి మెడలాంటి నొక్కు ఉండాలి. మన చిత్తూరు వైపు గ్రానైట్ ఉల్లిపాయ పొరల్లాగా పెచ్చులు లేస్తుంది, పైకి నిండు బండలా కనిపిస్తూ లోపల విడిపోయి ఉంటుంది. క్వారీలో పనిచేసేవాళ్లు సుత్తితో తట్టి చెవిపెట్టి వింటారు, గట్టి రాయైతే ఖంగుమంటుంది, పెచ్చు లేస్తే డొల్లగా మోగుతుంది. వాళ్లలో ఒకాయన నాకు నేర్పిన పాఠమిది, ఏ కోర్సులోనూ ఇంత బాగా చెప్పలేదు. తిరుపతి వైపు కొండలు వేరే, కపిలతీర్థం వెనక ఎర్రగా నిలువుగా కనబడేది క్వార్ట్‌జైట్, అది గుండ్రంగా అరగదు, పలకలు పలకలుగా విరుగుతుంది, అంచులు కత్తిలా ఉంటాయి. తాడు అంచు మీద రాసుకోవడం గ్రానైట్ మీద తప్పైతే దాని మీద పిచ్చితనం.

ఇక రెండో ఫోటోలో, ఏదో ఒక రెండో తాడు కూడా కట్టినట్టున్నారు, అది సీతాఫలం పొదకి! చెల్లీ, నవ్వొచ్చింది కానీ నవ్వే విషయం కాదు. చెట్టంటే బతికున్నదై ఉండాలి, తొడంత లావుండాలి, వేళ్లు నేలలోకి దిగి ఉండాలి. బండ సందులో మొలిచిన జువ్వి చెట్టు ఎంత లావున్నా వేళ్లు పైపైనే పాకి ఉంటాయి, దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. ఇంకోటి, ఆ నీలం తాడు బోరు మోటారు దించే తాడులా ఉంది. మోటారుకి అది బాగుంటుంది. మనుషులకి క్లైంబింగ్ తాళ్లే వాడాలి, బలం కోసమొక్కటే కాదు, ఎండకి ఎంత పాడైంది, ముడి ఎలా పట్టుకుంటుంది, రాపిడికి ఎంత ఓర్చుకుంటుంది అన్నవి ఆ మోటారు తాడు మీద ఎవరూ పరీక్షించి ఉండరు.

మరి సరైన యాంకర్ ఎలా ఉంటుంది? ఇది చదివి రేపు నువ్వే కట్టేయడానికి కాదు, పైన కట్టింది చూసి సరో కాదో పోల్చుకోవడానికి చెప్తున్నాను.

మొదటిది, ఏ ఒక్కటి పోయినా మనిషి పడకూడదు. తిరుమల ఘాట్ దిగే బస్సు డ్రైవర్ బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుని దిగడు, గేరులో పెట్టి దిగుతాడు, బ్రేకు అదనం. అలాగే రెండు వేరువేరు ఆధారాలుండాలి, ఒక చెట్టు, ఒక గుండు అనుకో, లేదా రెండు చెట్లు, ఒకే గుండుకి రెండు స్లింగులు చుట్టి రెండు అనుకోవడం కాదు. ఒక సాగని తాడు, స్టాటిక్ రోప్ అంటారు, 10 లేదా 11 మిల్లీమీటర్లది, ఒక 20 మీటర్లైనా ఉండాలి. దాని రెండు కొసలూ ఆ రెండింటికీ కట్టి మధ్య భాగాన్ని ఎక్కే దారికి సరిగ్గా పైన అంచు దాటించి వేలాడదీస్తారు, అక్కడ రెండు పోగులు కలిపి లావుగా ఎనిమిది ముడి (8 అంకె ఆకారంలో ఉండేది) వేస్తారు. ఆ ముడి ఉండబట్టే, ఒక వైపు ఆధారం పోయినా రెండోది ఒక్కసారిగా జర్కు తినదు, తాడు జారిపోదు. ముడి వేసే ముందు రెండు కాళ్లూ, అంటే ముడి చోటు నుంచి రెండు ఆధారాలకీ వెళ్లే తాడు భాగాలు, సమానంగా బిగిశాయా అని చూస్తారు. ఎక్కే దారికి పక్కగా యాంకర్ ఉంటే పడినప్పుడు ఉయ్యాలలా ఊగి పక్క బండకి కొట్టుకుంటారు, అదీ గుర్తుపెట్టుకో.

రెండు కాళ్ల మధ్య కోణం మరీ విప్పారకూడదు. నీళ్ల బకెట్‌ను ఇద్దరు చెరోవైపు పట్టుకుని దగ్గరగా నడిస్తే హాయిగా ఉంటుంది, దూరం జరిగేకొద్దీ భుజాలు పీకుతాయి, బకెట్ బరువేమో అంతే. కోణం 60 డిగ్రీలుంటే ఒక్కో కాలి మీద 58 శాతం పడుతుంది, 90 అయితే 71 శాతం, 120కి చేరేసరికి ఒక్కోటీ మొత్తం బరువు మోస్తుంది, 150 అయితే దాదాపు రెట్టింపు. 60 లోపు ఉంచితే మంచిది.

ఆ ముడికి రెండు లాకింగ్ కారబినర్లు, గేట్లు చెరోవైపు తిప్పి. ఎక్కే తాడు ఆ రెండింటిలోంచీ పోవాలి. కారబినర్లు అంచు కింద గాల్లో వేలాడాలి, బండ మీద పడుకోకూడదు. స్టాటిక్ తాడు అంచు దాటే చోట కింద మందంగా ఏదైనా వేయాలి. మేం పాత గోనె సంచి నాలుగు మడతలు పెట్టి వేసేవాళ్లం, దాన్నీ ఒక దారంతో కట్టేయాలి, లేకపోతే రెండోసారి ఎక్కేసరికి అది కింద ఉంటుంది. నవారులాంటి పట్టీని ముడేసి స్లింగ్ చేసుకుంటే ముడి దగ్గర కొసలు కనీసం 3 అంగుళాలు మిగలాలి, ఆ ముడికి తనంతట తనే లోపలికి పాకే గుణం ఉంది, వెళ్లిన ప్రతిసారీ చూడాలి, "పోయినసారి బాగుంది కదా" పనికిరాదు.

తాళ్లు బండి డిక్కీలో వేసుకెళ్లొద్దని కూడా చెప్పు. బ్యాటరీ యాసిడ్ చుక్క తగిలితే నైలాన్ లోపల పాడైపోతుంది, పైకి మచ్చ కూడా కనబడకపోవచ్చు.

ఇంకో మాట. మూడో ఫోటోలో మీ అన్న అంచున నిలబడి చెయ్యి ఊపుతున్నాడు, నడుముకి ఏ తాడూ లేదు. యాంకర్ కట్టేవాళ్లు ముందు తమని తాము వెనకున్న చెట్టుకి కట్టుకుని ఆ తర్వాతే అంచు దగ్గరికి వస్తారు. మీరంతా కింద హెల్మెట్ కూడా లేకుండా నిలబడ్డారు, పై నుంచి అతని కాలు తగిలి రాయి దొర్లితే మీ నెత్తి మీదే.

ఇదంతా అతనికి ఎలా చెప్పాలి అన్నది నువ్వు అడగలేదు కానీ నీ ఉత్తరంలో అసలు బాధ అదే అనిపించింది. పెద్దవాడు, అన్నయ్య స్నేహితుడు, అందరినీ తీసుకెళ్లేదీ, బండికి పెట్రోలు పోసేదీ అతనే. అందరి ముందు మళ్లీ అడగొద్దు, మళ్లీ నవ్వుతారు, అతను పట్టుదలకి పోతాడు. ఆదివారానికి ముందే ఫోన్ చెయ్యి. "అన్నా, నువ్వు కట్టింది తప్పని కాదు, నాకు పైన చూడాలని ఉంది, ఈసారి నన్నూ పైకి తీసుకెళ్లు, కట్టేటప్పుడు పక్కన ఉంటా" అను. నిజంగా తెలిసినవాళ్లెవరైనా ఈ మాటకి సంతోషిస్తారు, ఎందుకు కడుతున్నారో చెప్పుకుంటూ కడతారు. చిరాకు పడితే అతనికి తెలియదన్నమాట, తెలియకపోవడం తప్పు కాదు, నాకూ తెలియదు కదా ఆ రోజు. స్టాటిక్ తాడు, రెండు లాకింగ్ కారబినర్లు ఐదుగురూ పంచుకుంటే పెద్ద ఖర్చేం కాదు, "మేం కొంటాం, నువ్వు కట్టు" అంటే అతని పెద్దరికమూ నిలుస్తుంది. అయినా వినకపోతే నువ్వు ఆ రోజు ఎక్కకు. అలిగి ఇంటికి రానక్కర్లేదు, కింద కూర్చుని ఫోటోలు తియ్యి, ఇంకొకరికి అనుమానం రావడానికి నువ్వు కూర్చోవడమే చాలు. అయితే బిలే కూడా ఇవ్వకు. ఆ యాంకర్ మీద ఇంకొకర్ని పైకి పంపితే నువ్వూ దాన్ని ఒప్పుకున్నట్టే.

నేర్చుకోవడానికైతే ఇండోర్ గోడ సరిపోదు, అక్కడ యాంకర్ ఎవరో ముందే బిగించి పెట్టి ఉంటారు, మీరు ఎక్కడమే నేర్చుకున్నారు. బయట బండ మీద యాంకర్ కట్టడం నేర్పేవాళ్ల దగ్గర రెండు రోజులైనా ఉండాలి. బెంగళూరు వాళ్లు రామనగరం బండల మీద నేర్చుకుంటారు, మనకి రాత్రి బస్సు ఎక్కితే పొద్దునకి అక్కడ ఉండొచ్చు. తెలంగాణలో భువనగిరి బండ ఉంది, 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట తాడు పట్టింది అక్కడే. ఐదుగురిలో ఇద్దరు వెళ్లి నేర్చుకోండి, ఒక్కరు కాదు. ఒకరు కట్టింది రెండోవాళ్లు చూడాలి, ఆ రెండోది నువ్వైతే బాగుంటుంది.

శేషాచలం అడవిలోకి మాత్రం అనుమతి లేకుండా తాళ్లూ సంచులూ వేసుకుని వెళ్లకండి, ఎర్రచందనం కాపలా ఉన్న చోట మీరు క్లైంబర్లమని నమ్మించడానికి చాలా సేపు పడుతుంది. చంద్రగిరి కోట కొండ కూడా వద్దు, అది పురావస్తు శాఖ కాపాడుతున్న చోటు. మీరు వెళ్లే గుట్ట ఊరిదైతే ఊళ్లో ఒక మాట చెప్పి వెళ్లండి, ఏదైనా అయితే మొదట పరుగెత్తుకొచ్చేది వాళ్లే.

చివరిగా, మొదటి ఫోటోలో కుడివైపు మూలన, అంచు కింద నీడలో నల్లగా చాపలా వేలాడుతున్నది బండ మీద మరక కాదు. తేనెపట్టు, పెద్ద తేనెటీగలది. మీ తాడు దానికి పది అడుగుల దూరంలో ఊగుతోంది. కొత్త యాంకర్ కట్టినా ఆ వైపు మాత్రం కట్టకండి, పక్క బండ చూసుకోండి.